శిలాఫలకం స్టీల్స్ లిమిటెడ్

కడప జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ లేదని ఎవరన్నారు? ఒకటి కాదు, నాలుగున్నాయి. కాకపోతే అన్నీ రాతివి.

2007లో జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణీ స్టీల్స్‌కు వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. ఎకరం 18 వేల చొప్పున పది వేల ఎకరాల పైచిలుకు ధారపోశారు. 2011లో ఓబుళాపురం గనుల కేసులో బ్రహ్మణీ యజమాని అరెస్టయ్యారు. ఫ్యాక్టరీ గోవిందా. 2018 డిసెంబరులో, ఎన్నికలు నాలుగు నెలలున్నాయనగా, కంబాలదిన్నెలో చంద్రబాబు కొబ్బరికాయ కొట్టారు. ఏడాది తిరక్కుండానే సున్నపురాళ్లపల్లెలో జగన్ కొట్టారు. అవతలివాడి కాయ మనకు పనికిరాదు కదా! తన కాయ మీద తనకే నమ్మకం చాలలేదేమో, 2023 ఫిబ్రవరిలో ఉక్కు వ్యాపారి జిందాల్‌ను వెంటబెట్టుకొచ్చి అదే ఊళ్లో మళ్లీ భూమిపూజ. పదహారేళ్లు, నాలుగు కాయలు. పచ్చడికి లోటు లేదు. ఉక్కు సంగతి మాత్రం అడక్కండి.

ఆ ఊరి పేరు చూశారా? ఉక్కు తయారీకి సున్నపురాయి కావాలి. అది పేరులోనే ఉంది. ఇక సమకూరాల్సినవి ఇనుప ఖనిజం, బొగ్గు, డబ్బు, రవ్వంత సిగ్గు. మొదటి మూడూ ఎక్కడో ఓ చోట దొరుకుతాయి.

శంకుస్థాపన ఫలకాన్ని ఎప్పుడైనా తీరిగ్గా చదివారా? నల్లరాయి, బంగారు రంగు అక్షరాలు. ముఖ్యమంత్రి పేరు బెత్తెడు. మంత్రిది రెండు వేళ్లు. ఎంపీ, ఎమ్మెల్యే, జెడ్పీ చైర్మన్, కలెక్టర్... కిందికి దిగేకొద్దీ అక్షరాలు చీమలవుతాయి. భూమి పోగొట్టుకున్న రైతు పేరు? ఆయన షామియానా బయట మజ్జిగ ప్యాకెట్ కోసం తోసుకుంటుంటాడు. తాడు లాగుతారు, పరదా తొలగుతుంది, చప్పట్లు. మర్నాటి నుంచి ఆ నీడ మేకలది.

చట్టం ఉంది కదా అంటారా? ఉంది. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలు తీసి చదవండి. కడపలో, ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టడం సాధ్యమేనా అన్నది ఆరు నెలల్లో కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ ‘సెయిల్’ పరిశీలించాలట. కట్టాలని కాదు, పరిశీలించాలని! ఆ ఒక్క క్రియాపదం మీద ఢిల్లీ ఇన్నేళ్లుగా కాళ్లు చాపుకుని కూర్చుంది. ఖమ్మం వైపు ఆ ఫ్యాక్టరీ కోసం ఎదురుచూసిన బయ్యారం వాళ్లను అడగండి, పరిశీలన ఎంత రుచిగా ఉంటుందో చెబుతారు.

సరే, లేని ఫ్యాక్టరీ గొడవ వదిలేద్దాం. ఉన్నదాని వైభోగం చూద్దాం. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్నందుకు 1966లో 32 మంది తూటాలకు పడిపోయారు. 1971 జనవరిలో బాలచెరువు దగ్గర ఇందిరాగాంధీ పునాదిరాయి వేస్తే, ప్లాంటును జాతికి అంకితం చేసేసరికి 1992 వచ్చింది. పోనీ, కట్టారు. కట్టి ఏం చేశారు? సొంత ఇనుప గని ఇవ్వలేదు. టాటాకు ఉంది. సెయిల్‌కు ఉంది. విశాఖ మాత్రం రాయి బజారు ధరకు కొనుక్కోవాలి. బైలాడిల్లా ఖనిజం కిరండోల్ రైలెక్కి కొత్తవలస దాటి విశాఖ రేవుకు చేరి, అక్కణ్నుంచి దశాబ్దాల తరబడి జపాన్‌కు పోయింది. ఇంటి ముందు నుంచే నీళ్ల ట్యాంకర్ పక్క వీధికి పోతుంటే, మన ఇంట్లోవాళ్లను ‘దాహమెందుకు వేస్తోంది, మీకు సామర్థ్యం లేదు’ అని తిట్టినట్టు లేదూ?

తిట్టి ఊరుకున్నారా? 2021 జనవరిలో ఢిల్లీవాళ్లు ప్లాంటును నూటికి నూరు శాతం అమ్మేస్తామన్నారు. అలా అన్నారో లేదో, కూర్మన్నపాలెం దీక్షా శిబిరానికి నాయకులు క్యూ కట్టారు. దండలు వేయించుకున్నారు. ‘ప్రాణాలైనా ఇస్తాం’ అన్నారు. ఎవరి ప్రాణాలో చెప్పలేదు. 2024 వచ్చేసరికి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని ముచ్చటగా పేర్లు పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసుల్లో రెండు ఆరిపోయాయి. ఉద్యోగులకు జీతం ముక్కలుముక్కలుగా వచ్చింది. ఇంటి లోను ఈఎంఐని కూడా బ్యాంకువాడు అలా ముక్కల్లో తీసుకుంటాడా?

2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. పాలాభిషేకాలు జరిగాయి. బాగానే ఉంది. అమ్మకం రద్దు అన్న ముక్క అందులో ఏదీ? గని ఏదీ? వేలాది కాంట్రాక్టు కార్మికులను బయటికి పంపడం మాత్రం చకచకా జరిగిపోయింది. ఇక నిర్వాసితులు. ప్లాంటుకు భూములిచ్చి, ఉద్యోగం ఆశతో పునరావాసపు ఆర్ కార్డు పుచ్చుకున్నవాళ్లు. తండ్రి పేరున వచ్చిన కార్డును ప్లాస్టిక్ కవరులో దాచుకుని, ఉద్యోగం వయసు దాటిపోయిన కొడుకులున్నారు ఆ ఊళ్లలో. వాళ్ల దగ్గరికెళ్లి ‘అభివృద్ధి’ అనండి చూద్దాం.

ఈలోగా ఢిల్లీలో లెక్కలే లెక్కలు. జపాన్‌ను దాటేశాం, ప్రపంచంలో రెండో స్థానం మనదే. 2030-31 నాటికి 30 కోట్ల టన్నుల సామర్థ్యమని 2017 విధానం. శభాష్. మరి 2023-24లో ఎగుమతి చేసిన ఉక్కు కంటే దిగుమతి చేసుకున్నదే ఎక్కువెందుకైంది? కోకింగ్ బొగ్గు కోసం ఆస్ట్రేలియా ఓడల వైపు ఇంకా చూపులెందుకు? కన్నతల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి పట్టుచీర పెడతానన్నాట్ట. విశాఖకు గని ఇవ్వనివాళ్లు కడపకు కర్మాగారం ఇస్తారట!

ఐదో కాయ ఎలాగూ తప్పదు. ఎన్నికలు వస్తాయి కదా. అయ్యలారా, ఈసారి ఫలకం రాతితో వద్దు, ఉక్కుతో చేయించండి. కడప గడ్డ మీద ఉక్కు దిగిందని రికార్డయినా ఉంటుంది. విశాఖలో పలకలు చేయరంటారా? అవును, అక్కడ చేసేది కడ్డీలే. పర్లేదు, ఓ లారీడు తెప్పించి ఆ పాత ఫలకాల చుట్టూ కంచె కట్టించండి. మేకలు లోపలికి దూరకుండా ఉంటాయి.