మట్టలు నావి, ఆకులు మీవి

చీరాలలో కొబ్బరిచెట్టు ఎక్కేవాళ్లున్నారు, కొమ్మలు కొట్టేవాళ్లున్నారు. సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేసేవాళ్ల ఫోన్ నంబర్లయితే కరెంటు స్తంభాల మీదే ఉంటాయి. రాలిన ఆకు ఎత్తడానికి మాత్రం ఫలానా మనిషంటూ లేడు. పేరాల వైపు కాపురముండే ఒక రిటైర్డు లెక్కల మాస్టారికి ఈ సంగతి పోయిన ఫాల్గుణంలో బోధపడింది.

ఆయన పెరట్లో ఒక వేప, ఒక బాదం, మూడు కొబ్బరిచెట్లు. కొబ్బరిది పద్ధతైన వ్యవహారం. నెలకో మట్ట వేస్తుంది, నెలకో మట్ట దించుతుంది. చెట్టుకు ఏడాదికి 12, మూడు చెట్లకు 36. మాస్టారికి ఈ లెక్కంటే గౌరవం. బాదం ఏడాదికి రెండుసార్లు, ముందుగా ఎర్రబడి, నోటీసిచ్చి మరీ రాలుస్తుంది. వేపకు అలాంటి మర్యాదలేం లేవు. మాఘం వెళ్లేసరికి మొదలుపెట్టి ఉన్నదంతా గుమ్మరించేస్తుంది. కాలెండరు ప్రకారం నడిచేవి ఇవి. నడవనిది తుపాను. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇంకా కార్తీకమే వెళ్లలేదు. అయినా పండాకు, పచ్చాకు తేడా లేకుండా పెరట్లో మోకాలిలోతు పడింది.

న్యూజెర్సీలో ఉండే మాస్టారి అబ్బాయికి ఇది సమస్యలాగే తోచలేదు. అక్కడ అక్టోబరు, నవంబరుల్లో మేపుల్, ఓక్ చెట్లు రాలుస్తాయి. ఫోన్ చేస్తే మనుషులు వస్తారు, వీపుకి మిషన్లు తగిలించుకుని ఆకుల్ని ఊదుకుంటూ రోడ్డు పక్కకి తోస్తారు, టౌన్ వాళ్ల ట్రక్కు ఎత్తుకుపోతుంది. ఆ మిషన్ల రొద భరించలేక వాషింగ్టన్ డీసీలో 2022 జనవరి 1 నుంచి పెట్రోలుతో నడిచేవాటిని నిషేధించారని కూడా చెప్పాడు.

"ఆకులూదడానికి మిషనెందుకురా? మనకి వాడరేవు గాలి లేదూ?" అన్నారు మాస్టారు.

ఆ మాట నిజమే. మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి తిరిగితే ఏ మిషనూ దానికి సాటిరాదు. కాకపోతే అది ఊదేది ఎప్పుడూ ఈ పెరట్లోకే. పక్కింటివారి బాదం ఆకులు కూడా సాయంత్రానికి మాస్టారి గోడ దిగి, వేపచెట్టు కింద సర్దుకు కూర్చుంటాయి. ఆ ఇంటాయన ఆకుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా నీడ గురించి మాట్లాడతాడు.

చివరికి కొబ్బరిచెట్టు ఎక్కే మనిషినే పిలిపించారు.

"ఎంత తీసుకుంటావయ్యా?"

"చెట్టుకింతని ఇప్పించండి మాస్టారూ. మట్టలు నేను పట్టుకుపోతాను."

"మరి ఆకులు?"

"ఏ ఆకులండీ?" గలగలమంటున్న ఆకుల మీద నిలబడే అడిగాడు.

అతని తప్పేం లేదు. మట్టకి గిరాకీ ఉంది. ఈనెలు చీపురుకి, అల్లితే తడిక, పెళ్లయితే పందిరి, ఏదీ కాకపోతే పొయ్యిలోకి మొదలు. బాదం ఆకుకి కూడా ఒకప్పుడు విలువుండేది. పుల్లలు గుచ్చి విస్తళ్లు కుట్టేవారు. కాగితం ప్లేట్లొచ్చాక చెట్టు మీదున్న ఆకునే అడిగేవాళ్లు లేరు, కిందపడ్డదాన్ని ఎవరడుగుతారు? ఇదే ఊళ్లో ఐఎల్‌టీడీ వారి ఫ్యాక్టరీలో పొగాకుని ఒక్కో ఆకూ చూసి గ్రేడు కట్టారు. వేపాకుకి గ్రేడు లేదు.

"అవి ఊడవాలంటే మా ఆవిడొస్తుందండీ. ఊడ్చి కుప్పేస్తుంది. మోయదు."

"మోయడానికి?"

"ఆటో కావాలండి."

"ఆటో ఎక్కడికి తీసుకుపోతుంది?"

"అది మీరే చెప్పాలండి."

ఎక్కడానికొకరు, ఊడవడానికొకరు, మోయడానికొకరు, ఎక్కడికో తెలియని గమ్యం. పనివాళ్లు, పనిదినాలు, భిన్నాలు నలభయ్యేళ్లు పిల్లల చేత చేయించిన మనిషికి ఈ లెక్క తెమల్లేదు. చెత్తబండి అబ్బాయిని అడిగితే, వంటింటి చెత్తతో తోట చెత్త కలపకూడదు, విడిగా ఉంచి అప్పగించాలి అన్నాడు. 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పిందీ అదే. ఆకుల గోనెలు పట్టుకుని మాస్టారు గేటు దగ్గర ఆ బండి కోసం కాచుకోవడం మొదలైంది.

ఈ కాచుకోవడం ఏ ఊళ్లోనో గుర్తుచేసుకుంటే నవ్వొస్తుంది. చీరాల పేరాల పల్లెల్ని కలిపి మున్సిపాలిటీ చేస్తే, పన్నుల మోత మోయలేం, ఆ మున్సిపాలిటీయే మాకొద్దన్న ఊరిది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద 1921లో దాదాపు 13 వేల మంది ఇళ్లకు తాళాలేసి ఊరి బయట రామనగర్‌లో పాకలేసుకున్నారు. పదకొండు నెలల పాటు ఎండా వానా అక్కడే. పాకంటే ఈ వైపు తాటాకు కప్పు. పన్ను కట్టడం కన్నా ఆకుల కింద కాపురం నయమనుకున్నవాళ్ల మునిమనవలు ఇప్పుడు ఆకులు పట్టుకెళ్లే బండి రాలేదేమని వీధిలోకి తొంగిచూస్తున్నారు.

అక్కడితో అయిపోలేదు. సరిగ్గా నూరేళ్లకు, 2021 అక్టోబరు 2న రాష్ట్రమంతటా ఇంటింటి చెత్త ఎత్తే క్లాప్ కార్యక్రమం మొదలైంది. మూడు రంగుల బుట్టలొచ్చాయి, వాటితోపాటు చెత్త మీద రుసుమూ వచ్చింది. జనం దానికి చెత్తపన్ను అని పేరు పెట్టి మూడేళ్లు గొణిగారు. 2024 అక్టోబరు 2న దాన్ని ఎత్తేస్తున్నామని ముఖ్యమంత్రి ప్రకటించారు. ఈసారి ఎవరూ పాకలు వేసుకోనక్కర్లేకపోయింది. పన్ను ఎత్తేశారు. ఆకులెత్తడమే మిగిలింది.

అగ్గిపుల్ల గీసేస్తే పోతుందిగా అన్నారు పక్కింటాయన. ఆరుబయట చెత్త తగలబెడితే 5 వేల రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. భోగిమంటలో వేద్దామా అంటే, భోగి జనవరిలో వస్తుంది, వేప ఫిబ్రవరి చివర రాలుస్తుంది. ఏడాది పాటు ఆకులు దాచుకోవడం కన్నా పండగ వాయిదా వేయడం తేలిక. అయినా చీరాల ఇసకనేలలో ఆకు తగలబెట్టేవాడికి జరిమానా కన్నా గట్టిదేదైనా వెయ్యాలి. పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోయే ఈ నేలకు కావలసింది ఆకు కుళ్లిన ఎరువే. గొయ్యి తవ్వి, ఆకు మీద ఆకు తొక్కి, మధ్యలో పేడనీళ్లు చల్లి, తడారకుండా చూసి, అప్పుడప్పుడూ తిరగేస్తే మూడు నాలుగు నెలల్లో నల్లటి ఎరువవుతుంది. వట్టి ఎండాకునే వదిలేస్తే మాత్రం మరుసటి శిశిరానికి కూడా గుర్తుపట్టేలా ఉంటుంది.

గొయ్యి తవ్వడానికి ఇంకో మనిషి కావాలని వేరే చెప్పాలా?

మొత్తానికి ఉగాది ముందు ఒప్పందం కుదిరింది. చెట్టు ఎక్కినందుకు డబ్బులు, మట్టలు అతనివి, రెండు బొండాలు అదనం. ఊడ్చినందుకు ఆవిడకు వేరే కూలి. గొయ్యి తవ్వకం అతని బావమరిదికి. మర్నాడు పొద్దున్నే ఆవిడ చీపురు పట్టుకుని వేపచెట్టు కిందికి వచ్చేసరికి మాస్టారి భార్య ఎదురొచ్చారు.

"అక్కడ ముట్టుకోకు తల్లీ. పువ్వు రాలుతోంది, పచ్చడిలోకి కావాలి."

చెట్టు కింద పాత చీర పరిచి ఉంది. దాని మీద పువ్వు చిటికెడు, ఆకు చాటెడు. పండగ వెళ్లేదాకా వేపకింద చీపురు ఆడకూడదని తేలింది. బాదం కింద ఊడ్చి కూలి తీసుకుని ఆవిడ వెళ్లిపోయింది. భర్త మట్టలన్నీ మోపు కట్టి మోపెడ్ వెనక వేసుకున్నాడు.

"మళ్లీ ఎప్పుడొస్తావయ్యా?" గేటు తీస్తూ అడిగారు మాస్టారు.

"మాఘంలో వస్తానండి."

ఏ మాఘమో అడిగేలోపు మోపెడ్ సందు మలుపు తిరిగింది.