బోర్లించే బాబాయి

ప్రతి చుట్టరికంలోనూ ఒకరుంటారు. కొందరు చెయ్యి పట్టి నాడి చూస్తారు, కొందరు జాతకం అడుగుతారు. మా బాబాయి పింగాణీ చూస్తాడు. ఏ ఇంటికెళ్ళినా ముందు కప్పు బోర్లించాకే మనుషుల్ని పలకరిస్తాడు. చైనా చక్రవర్తి ఏలుబడి పేరు అడుగున ఆరక్షరాల్లో ఉంటుందట. ఇప్పటిదాకా మా ఇళ్ళల్లో దొరికిన శాసనం ఒక్కటే: మైక్రోవేవ్‌లో పెట్టవచ్చు.

తెనాలిలో ఓ పెళ్ళిచూపుల్లో ఇలాగే కప్పు తిరగేశాడు. అందులో కాఫీ ఉందన్న సంగతి పెళ్ళికొడుకు తెల్లప్యాంటు చెప్పాల్సి వచ్చింది.

ఈ జబ్బు హైదరాబాదులో అంటుకుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో జనమంతా గంట కొట్టే గడియారం ముందు చేరితే, ఈయన చైనా పింగాణీ గదిలో దూరాడు. సాయంత్రానికి గానీ బయటపడలేదు.

చెప్పేవన్నీ కోతలైతే నవ్వి ఊరుకుందుం. నిజాలే చెబుతాడు, అదీ బాధ. పీచ్ పండు బొమ్మ దీర్ఘాయువుకట. చైనా భాషలో చేపకీ మిగులుకీ పలుకు ఒకటే కాబట్టి, చేప ఉంటే సిరి మిగులుతుందట. గబ్బిలమన్నా భాగ్యమన్నా 'ఫు' అనే అంటారట. అయిదు గబ్బిలాలంటే అయిదు భాగ్యాలు!

బాపట్లలో గృహప్రవేశానికి ఎర్ర గబ్బిలాల పళ్ళెం చదివించాడు.

"పాడుబడ్డ గుళ్ళో ఉండేవాటిని కొత్తింటికి తెచ్చావేంట్రా! తీసుకుపో" అంది అత్తయ్య.

"మీ జిల్లాలోనే ఉంది మోటుపల్లి రేవు. ఓడ పగిలినా వర్తకుల సరుకు ముట్టుకోబోమని గణపతిదేవుడు 1244లో శాసనం వేయించాడత్తయ్యా. పరదేశపు సరుక్కి కాకతీయులిచ్చిన మర్యాద నువ్వివ్వలేవూ?"

అత్తయ్య ఇచ్చింది. పళ్ళేన్ని అటకెక్కించింది. గబ్బిలాలకి అంతకన్నా మంచి చోటేముంది?

పోయిన నెల నన్ను వెంటేసుకుని రేపల్లె ప్యాసింజరెక్కాడు. అక్కడ పిన్నిగారింట్లో డ్రాగన్ పళ్ళెం ఉందని కబురు. వెళ్ళేసరికి దాని నిండా ఆరబెట్టిన వడియాలు. అవన్నీ చాప మీదికి గుమ్మరించి గోళ్ళు లెక్కపెట్టాడు. పాదానికి అయిదుంటే చక్రవర్తి వాడే పళ్ళెం, నాలుగైతే రాకుమారుడిది.

"మూడు కాళ్ళకీ అయిదున్నాయి. నాలుగోదానికి నాలుగే! పిన్నీ, దీన్ని తోమిందెవరు?"

"కోడలు. ఏం?"

"ఈ రంగులు మెరుగుపూత కింద ఉండవు పిన్నీ, పైన ఉంటాయి. ఒకసారి కాల్చిన పాత్ర మీద బొమ్మేసి, తక్కువ సెగలో మళ్ళీ కాలుస్తారు. ఆ గులాబీ రంగులో బంగారం కలుస్తుంది! పీచు పెట్టి రుద్దితే అరిగిపోవూ? చక్రవర్తిని తోమి తోమి రాకుమారుణ్ణి చేసింది మీ కోడలు."

వంటింట్లో గిన్నెల చప్పుడు హెచ్చింది.

"ఏ చక్రవర్తి నాయనా? స్టీలు సామాన్లవాడు పాత చీరకిచ్చాడు."

బాబాయి డీలా పడతాడనుకున్నాను. కళ్ళు చిట్లించి, "ఏ చీర?" అన్నాడు.

"జరీ పోయిన కంచిపట్టు."

"పట్టు! విన్నావుట్రా? పట్టుకి పింగాణీ! మోటుపల్లి బేరం ఇంకా సాగుతూనే ఉంది."

తిరుగు ప్యాసింజరు కూత వినపడింది. బాబాయి కదల్లేదు. స్టీలు సామాన్లవాడు ఏ పూట వస్తాడో కనుక్కుని, పిన్నిగారి బీరువాలోంచి ఇంకో చీర తీయించుకుని, అరుగు మీద కూర్చున్నాడు.