తల్లి ఊరికి పోయిన కుక్కపిల్ల

నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గరైనా, పాలమూరు న్యూటౌన్‌లోనైనా "పగ్ పిల్ల కావాలె" అని కొంచెం గట్టిగా అని చూడండి. సాయంత్రానికల్లా బ్రీడరన్న మీ ఫోన్లో ఉంటాడు. పొద్దున ప్లాట్లు చూపిస్తాడు, మధ్యాహ్నం పాత బండ్లు మార్పిస్తాడు, దీపాలు పెట్టే వేళకు కుక్కల నిపుణుడవుతాడు. మూడు యాపారాల్లోనూ మాట ఒక్కటే: "జిమ్మేదారి నాదన్నా!"

ఆయన పగ్ అనడు, హచ్ కుక్క అంటాడు. 2003లో హచ్ ఫోన్ కంపెనీ టీవీ ప్రకటనలో ఒక పిల్లగాని వెంట ఎటుపోతే అటు నడిచిన కుక్క అది. ఆ కంపెనీ 2007లో వొడాఫోన్ అయింది, 2018లో ఐడియాతో కలిసింది. మన దగ్గర కుక్క మాత్రం ఇంకా పాత సిమ్ము మీదే నడుస్తోంది.

ముందు ఫోటో వస్తుంది. ఎర్ర పరుపు మీద బొద్దుగా ఒక పిల్ల. అదే పరుపు మీద అదే పిల్ల పోయినేడు మీ తోడల్లుడికి కూడా వచ్చింది.

"ఎన్ని రోజులదన్నా?"

"నలభై అయిదు."

సంక్రాంతికి అడిగినా నలభై అయిదే, బతుకమ్మకు అడిగినా నలభై అయిదే. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అంటే 56 రోజులు. ఆ సంగతి చెబితే ఆయనేమీ తడబడడు. "అయితే యాభై ఆరు రాసుకో అన్నా, మనకేం పోయింది!" పెంచేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. "రిజిస్ట్రేషన్ ఉన్నదా?" అంటే మాత్రం ఒక్క క్షణం ఆగి, "ప్లాటుకా అన్నా?" అంటాడు.

అసలు కథ తల్లి దగ్గర మొదలవుతుంది. తల్లిని చూపియ్యమంటే అది ఊరికి పోయి ఉంటుంది. మళ్లీ వారం అడిగితే అత్తగారింట్లో ఉంటుంది. ఆ పై వారం, "దిష్టి తగుల్తదని మావోళ్లు బయటికి తియ్యరన్నా." మరీ పట్టుబడితే ఎక్కడిదో ఒక ఆడ పగ్‌ను పట్టుకొస్తాడు. అది పిల్లను చూసి గుర్రుమంటుంది. "దానికి జర కోపమెక్కువ," అంటాడు.

అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: కాన్పు ఎట్లయింది? పగ్ పిల్లల తలలు పెద్దవి, చాలాసార్లు ఆపరేషన్ చేసి తియ్యాల్సి వస్తుంది. నిజంగా ఇంట్లో ఈనించినవాడైతే ఏ అర్ధరాత్రి డాక్టరును లేపాడో, ఎన్ని పిల్లలు దక్కాయో, కుట్లు ఎన్నాళ్లకు మానాయో మీరు వద్దన్నా చెబుతాడు. బ్రీడరన్న జవాబు రెండే ముక్కలు: "నార్మలే అన్నా."

"మరి పిల్ల గురకపెడుతున్నదేంది?"

"అదే ప్యూర్ బ్రీడ్ గుర్తు!"

ఈ ఒక్క మాటకు ఆయన్ను క్షమించలేం. పొట్టి మూతి, ఇరుకు ముక్కురంధ్రాలు ఉన్న కుక్కకు ఊపిరాడకపోతే వచ్చే చప్పుడు అది. కుక్క ఒళ్లు చల్లబడేదే రొప్పడం వల్ల. ఆ రొప్పడానికే దారి సరిగా లేని జీవిని, మే నెలలో 44 డిగ్రీలు దాటే నల్లగొండలో రేకుల కింద కట్టేస్తే ఏమవుతుందో ఆయనకు అక్కర లేదు.

కాయితాలుంటే ఒక రేటు, లేకుంటే ఒక రేటు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా వంశావళి కాయితం తల్లిదండ్రుల నమోదును బట్టి వచ్చేదే గాని, పైకమిచ్చి తెప్పించుకునేది కాదని చెబితే నవ్వుతాడు. టీకా కార్డు మీద స్టిక్కరుంటుంది, డాక్టరు ముద్ర ఉండదు. పార్వో వైరస్ సోకిన పిల్లలో రోగం బయటపడటానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఆయన ఫోను స్విచాఫ్ కావడానికి రెండు చాలు.

పిల్ల బతికి బట్టకట్టి, ఆరు నెలలకు మూతి సాగి, తోక నిటారై, మన వీధి చుట్టరికాలన్నీ బయటపడ్డాయనుకోండి. "నల్లగొండ నీళ్లన్నా, ఫ్లోరైడు, బొక్కలు పెరుగుతయ్," అంటాడు. మర్రిగూడ వైపు మనుషుల నడుములు వంచిన నీళ్లకు ఈ నింద కూడా మొయ్యాల్సి వచ్చింది.

విచిత్రమేమంటే, కొనేది ఎవరో కాదు. దేవరకద్ర అంగడిలో ఎద్దు నోరు తెరిచి పండ్లు లెక్కపెట్టి, నాలుగడుగులు నడిపించి చూడనిదే బయానా ఇయ్యని రైతు కొడుకే. ఆ కొడుకు పిల్లను కంటితో చూడకుండా ఫోన్లో డబ్బు కొడతాడు. పిల్ల బొక్కలు పెట్టిన అట్టపెట్టెలో బస్సులో దిగుతుంది.

సరైన పెంపకందారులు లేరని కాదు, ఉన్నారు. వాళ్ల దగ్గర బేరం మీది కాదు, వాళ్లది. ఇంట్లో మధ్యాహ్నం ఎవరుంటారు, ఎండాకాలం ఎక్కడ పడుకోబెడతారు, కండ్లు, ముడతలు రోజూ ఎవరు తుడుస్తారు, పెంచలేకపోతే నాకే తిరిగిస్తారా అని అడుగుతారు. తల్లిని చూపిస్తారు, ఏడాదికి ఒక్క ఈతే అంటారు. పైసలియ్యకముందు పిల్లను పశువుల దవాఖానలో చూపించుకుని రమ్మని వాళ్లే పంపిస్తారు. జవాబులు నచ్చకపోతే ఇయ్యం అంటారు. నచ్చినా, ఇప్పుడు పిల్లలు లేవు, వచ్చే ఏడు రమ్మంటారు.

అంతవరకు ఆగలేమంటారా? బ్రీడరన్న దగ్గర నలభై అయిదు రోజుల పిల్ల తయారుగా ఉంది.