ఖాళీ లేని టులెట్

ఒంటారియో వాళ్ల నిర్వాకం చూశారుగా. కెనడాలోని ఆ రాష్ట్రంలో 2026 జనవరి 1 నుంచి, పాతికమందీ ఆపైన సిబ్బంది ఉన్న కంపెనీ ఉద్యోగ ప్రకటన ఇస్తే, ఆ ఉద్యోగం నిజంగా ఖాళీగా ఉందో లేదో ప్రకటనలోనే రాయాలట. ఇంటర్వ్యూ చేసిన మనిషికి 45 రోజుల్లోగా నిర్ణయం అయిందో లేదో చెప్పాలట. ఈ వార్త చదివిన దగ్గర్నుంచీ నాకు కాఫీ సహించడం లేదు.

ఇదేం దౌర్జన్యమండీ! ఉద్యోగం ఉందని రాసినంత మాత్రాన ఉండి తీరాలా? మా వీధిలో నాలుగు గేట్లకి 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని బోర్డులున్నాయి. పదేళ్లలో ఒక్క కుక్కా మొరగలేదు. ఎవరైనా వెళ్లి "ఏదండీ కుక్క?" అని నిలదీశారా? బోర్డు దారి బోర్డుదే, కుక్క దారి కుక్కదే. ఇంత చిన్న వేదాంతం ఒంటారియో ప్రభుత్వానికి ఎక్కలేదు.

కంపెనీలకి నా వంతు సంఘీభావంగా మా ఇంటి గేటుకి టులెట్ బోర్డు కట్టాను.

మాది ఎస్సార్ నగర్‌లో పాతకాలపు డాబా. కింద మేం, పైన లెక్కల మాస్టారి కుటుంబం. ఆయన వచ్చి తొమ్మిదేళ్లయింది, కదిలే ఉద్దేశం లేదు. మేడ మీద ఉన్న ఒక్క గదిలో పాత కూలరు, విరిగిన మంచం, ఏటా సంక్రాంతికి పారేద్దామనుకుని పారెయ్యని పుస్తకాలు ఉన్నాయి. అంటే ఇంట్లో పిల్లి దూరడానికి కూడా సందు లేదు. బోర్డు మీద మాత్రం స్కెచ్ పెన్నుతో ముత్యాల్లాంటి అక్షరాలు రాశాను: 'డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్ అద్దెకు ఇవ్వబడును. వెంటనే చేరవచ్చు.'

"ఏ పోర్షనండీ?" అంది మా ఆవిడ.

"మనం విస్తరిస్తున్నాం."

"ఎక్కడికి?"

"అది ఇంకా అనుకోలేదు. ముందు బోర్డు."

ఫలితం సాయంత్రానికే కనిపించింది. మేం రెండో అంతస్తు లేపుతున్నామని వీధంతా పాకింది. ఎప్పుడూ పలకరించని ఎదురింటాయన 'బాగా కలిసొచ్చినట్టుంది' అన్నాడు. వరంగల్ నుంచి మా తోడల్లుడు ఫోన్ చేసి మరీ అసూయపడ్డాడు. ఇటుక కొనలేదు, సిమెంటు కొనలేదు, ముప్పై రూపాయల బోర్డుతో రెండంతస్తుల పరపతి వచ్చిపడింది. కంపెనీ వెబ్‌సైట్‌లో రెండొందల ఖాళీలు ఎందుకు వేలాడతాయో అప్పుడు అర్థమైంది. షేర్లు కొనేవాళ్లూ, పెట్టుబడి పెట్టేవాళ్లూ, పోటీ కంపెనీవాళ్లూ రోడ్డు మీద పోతూ మన గేటు వంకే చూస్తుంటారు. బోర్డు కనిపిస్తే చాలు, ఇల్లు పెరుగుతోందనుకుంటారు.

రెండో లాభం మాస్టారి రూపంలో మెట్లు దిగి వచ్చింది. నాలుగు నెలలుగా ఆయన బాత్‌రూమ్ పైపు కారుతోందని మొత్తుకుంటున్నాడు. బోర్డు చూసిన మర్నాడు, ఏడో తారీఖున ఇచ్చే అద్దె ఒకటో తారీఖునే కవర్లో పెట్టి తెచ్చాడు.

"మరి ఆ పైపు సంగతి..." అన్నాను మొహమాటానికి.

"అబ్బే, పర్లేదండీ. బకెట్ పెట్టుకున్నాం. చప్పుడు అలవాటైపోయింది."

తను ఉన్న పోర్షన్‌కే బోర్డు కట్టారేమోనని ఆయన భయం. కాదని నేను చెప్పలేదు, అవునని కూడా చెప్పలేదు. మార్చిలో జీతాలు పెంచమని అడగబోయే ఉద్యోగికి, సరిగ్గా ఫిబ్రవరిలో తన కుర్చీలాంటి కుర్చీకే ప్రకటన కనబడటంలో ఉన్న మహిమ ఇదే. ముగ్గురి పని ఒక్కడి నెత్తిన రుద్ది, వాడు గొణిగితే "మనుషుల కోసం చూస్తూనే ఉన్నాం కదమ్మా, కావాలంటే నౌక్రీలో చూడు" అనడానికీ ఈ బోర్డే పనికొస్తుంది. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు, దెబ్బ కూడా వెయ్యకుండా.

ఇక ఇల్లు చూడటానికి జనం రాసాగారు. ఊరికే రానిస్తే విలువేముంది? అర్హతలు పెట్టాను. 'ఇటువంటి ఇంట్లోనే మూడేళ్లు అద్దెకున్న అనుభవం తప్పనిసరి. కొత్తగా కాపురం పెట్టినవారికి ప్రాధాన్యం.' ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా కుదురుతాయని మా ఆవిడ అడిగింది. ఫ్రెషర్స్ కావాలి, రెండేళ్ల అనుభవం ఉండాలి అని ప్రకటనల్లో రోజూ చూస్తున్నాం కదా, అక్కడ కుదిరినట్టే ఇక్కడా కుదురుతాయన్నాను.

మొదటి రౌండు గేటు దగ్గర మా ఆవిడ చేసేది. రెండో రౌండు హాల్లో నేను. మూడోది విజయవాడ నుంచి మా మామగారు వీడియో కాల్‌లో. ఆయనకి చెవులు వినపడవు కాబట్టి ప్రతి అభ్యర్థి చేతా చెప్పిందే మూడుసార్లు చెప్పించేవారు. ప్రతి రౌండులోనూ రెండు ప్రశ్నలు తప్పనిసరి. ఇప్పుడు ఎంత అద్దె కడుతున్నారు, ఎంతవరకు కట్టగలరు? ప్రెజెంట్ సీటీసీ, ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ అన్నమాట. పది రోజుల్లో ఎస్సార్ నగర్ నుంచి బల్కంపేట దాకా ఏ సందులో ఏ రేటు నడుస్తోందో నా నోటుబుక్కులోకి ఎక్కింది, పైసా ఖర్చు లేకుండా. మాస్టారికి వచ్చే నెల నుంచి ఎంత పెంచాలో లెక్క తేలిపోయింది.

నాలుగో రౌండు పేరు 'టాస్క్'. మా ఇంట్లో ఉండగల నైపుణ్యం మీకు ఉందో లేదో చూపించాలి. ఒకాయన వంటింటి కుళాయికి వాషర్ మార్చాడు. ఇంకొకాయన మోటారు స్టార్టర్ బాగుచేశాడు. ఎల్‌బీ నగర్ నుంచి వచ్చిన దంపతులు ట్యాంకు కడిగారు. "చాలా బాగా చేశారు, చెబుతాం" అని పంపించాను. ఇంటర్వ్యూ పేరుతో వెబ్‌సైట్ డిజైన్ చేయించుకుని, మూడు రోజుల కోడు రాయించుకుని, ఆ తర్వాత ఫోనెత్తని పెద్దమనుషుల ముందు నేనెంత? నాకు దక్కింది వాషరూ, స్టార్టరూ, కడిగిన ట్యాంకూ.

అమెరికాలో ఈ విద్య ఇంకో మెట్టు పైన ఉంది. విదేశీ ఉద్యోగికి గ్రీన్‌కార్డు ఇప్పించాలంటే, ఆ పనికి తగిన అమెరికన్ దొరకలేదని కంపెనీ ముందు చూపించాలి. అందుకు ప్రకటనలివ్వాలి, ఆదివారం పేపర్లో రెండుసార్లతో సహా. ఇంట్లో కిరాయిదారు హాయిగా కాళ్లు చాపుకుని కూర్చున్నాడు, అయినా చట్టం కోసం టులెట్ కట్టాలి. కట్టాక ఎవడైనా వచ్చేస్తే? అందుకని బోర్డు పెరటి గోడకి, తీగల చాటున కట్టుకోవాలి. ఆపిల్ ఇలాంటి ఉద్యోగాలను తన సొంత సైట్‌లో పెట్టలేదనీ, దరఖాస్తులు కాగితం మీద పోస్టులో పంపమందనీ అక్కడి న్యాయశాఖ అభియోగం. ఐఫోన్ చేసేవాళ్లు స్టాంపు అంటించమన్నారన్నమాట! 2023 నవంబరులో రెండున్నర కోట్ల డాలర్ల దాకా చెల్లించడానికి ఒప్పుకుని రాజీపడ్డారు. అంతకు రెండేళ్ల ముందు, 2021 అక్టోబరులో, ఇదే తరహా వ్యవహారంలో ఫేస్‌బుక్ కోటీ నలభై రెండున్నర లక్షల డాలర్ల దాకా ఒప్పుకుంది. లోపల కూర్చున్న కిరాయిదారు చాలాసార్లు మన గుంటూరువాడో కరీంనగర్‌వాడో కాబట్టి ఆ పెరటి బోర్డు గురించి మనం అట్టే మాట్లాడుకోం.

అన్నీ బాగానే నడుస్తుండగా, శనివారం మిట్టమధ్యాహ్నం ఒక కుర్రాడు వచ్చాడు.

లేత నీలం చొక్కా, ఇస్త్రీ మడత చేతుల మీద ఇంకా చెదరలేదు, వీపు మాత్రం తడిసి అంటుకుపోయింది. చంకలో పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ఫోల్డరు. మాదాపూర్‌లో వాకిన్ ఇంటర్వ్యూకి వెళ్లి వస్తున్నాడట. ఊరు పొదిలి దగ్గర. హాస్టల్లో ఒక గదికి ఆరుగురున్నారు, ఇంకో ముగ్గురు కలిస్తే చిన్న పోర్షన్ తీసుకుందామని చూస్తున్నాడు. మా ఆవిడ ఇచ్చిన చెంబుడు నీళ్లూ నిలబడే తాగేశాడు.

నేను నోటుబుక్కు తెరిచాను. అతను కూర్చోలేదు.

"అంకుల్, నిజంగా ఖాళీ ఉందా?"

"మీ వివరాలు రాసుకుంటాం. చెబుతాం."

అతను నవ్వాడు. "ఈ మాట పొద్దున ఒకసారి అయిందంకుల్. లేకపోతే లేదని చెప్పండి. పక్క వీధి చూసుకుంటాను."

అంతలో అతని ఫోను మోగింది. గేటు వైపు తిరిగి మాట్లాడాడు. "ఆఁ అమ్మా. బానే జరిగింది. చెబుతామన్నారు... ఆఁ, తిన్నాను."

తినలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. ఫోల్డర్లో రెజ్యూమె జిరాక్సులు లావుగా ఉన్నాయి. ఉదయం వాకిన్‌లో ఒకటి తీసుకుని, అట్టపెట్టెలో పడేసి, "చెబుతాం" అన్నారు. ఆ పెట్టెని ఎవరూ తెరవరని పడేసినవాడికి తెలుసు. ఈ కుర్రాడికీ తెలుసు. తెలియంది పొదిలి దగ్గర ఫోను పట్టుకుని కూర్చున్న ఆవిడకొక్కదానికే. కంపెనీ చెప్పిన అబద్ధాన్ని అమ్మ దాకా మోసుకెళ్లే పని కూడా వీడిదే. పైగా అది వాడి సొంత అబద్ధంలా చెప్పుకోవాలి.

ఇక నాకు వ్యంగ్యం చేతకావడం లేదు.

లేని ఉద్యోగానికి ప్రకటన వేసేవాడికి పోయేది ఏమీ లేదు. పోయేదంతా వచ్చేవాడిదే. బస్సు టికెట్టు వాడిది, జిరాక్సు వాడిది, చొక్కా ఇస్త్రీ వాడిది. చెబుతామన్న ఆ కబురు కోసం వదులుకున్న ఇంకో చిన్న ఉద్యోగం వాడిది. ఆరు నెలలు గడిచాక "నాలోనే ఏదో లోపం ఉంది" అని రాత్రిళ్లు గోడవైపు తిరిగి పడుకోవడం కూడా వాడిదే. ఉద్యోగమిస్తామని డబ్బు లాగితే పోలీస్ స్టేషన్‌కి వెళ్లి మోసం చేశారని చెప్పుకోవచ్చు. ఇరవై నాలుగేళ్లవాడి ఏడాది లాగేసుకుంటే ఎక్కడ రాయించాలి?

మనకీ ఒక చట్టం ఉండేది. 1959 నాటిది. పాతికమందీ ఆపైన ఉన్న ప్రైవేటు సంస్థలో ఖాళీ వస్తే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి తెలియజేయాలి. తెలియజేయకపోతే మొదటిసారి 500 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 1000 దాకా జరిమానా. గది ఖాళీగా ఉంచుకుని బోర్డు కట్టనివాణ్ని పట్టుకోవడానికి రాసిన చట్టం అది. గది లేకుండా బోర్డు కట్టేవాడు పుట్టుకొస్తాడని ఆ రాసిన అమాయకులకి ఊహకైనా తట్టి ఉండదు.

మన ఇళ్లల్లో బిచ్చగాడికి కూడా జవాబుండేది. "చెయ్యి ఖాళీ లేదు నాయనా, పై ఇంటికి వెళ్లు" అనేవారు. పెట్టకపోయినా వాడి కాళ్లని మన గుమ్మంలో కట్టేసేవారు కాదు. కోడలు లేదని పంపేసిన బిచ్చగాణ్ని వెనక్కి పిలిచి, "లేదనడానికి అదెవరు, నేను చెబుతున్నా, లేదు పో" అన్న అత్తగారి కథకి ఇన్నాళ్లూ నవ్వుకున్నాం. ఆ మహాతల్లి నయం. పిలిచి మరీ లేదని చెప్పింది.

కుర్రాడికి ఖాళీ లేదని చెప్పాను. "థాంక్సంకుల్" అన్నాడు. లేదన్నందుకు థాంక్స్! వెనక సందులో నిజంగానే ఖాళీ ఉన్న ఇల్లు చూపించి, వచ్చి బోర్డు ఊడదీశాను. మాస్టారి బాత్‌రూమ్‌కి ప్లంబర్‌ని పిలిచాను. అద్దె పెంచే లెక్క కొట్టేశాను.

ఒంటారియో చట్టం మీద మాత్రం నా అభ్యంతరం అలాగే ఉంది. 'లేదు' అన్నది రెండక్షరాల మాట. దానికి 45 రోజులు గడువెందుకు?