పాత పోస్టర్ని కొత్తగా ఉంచుకోవడం ఎలా?

ఫ్రెంచి, ఇటాలియన్ మద్యం కంపెనీల పాత పోస్టర్లు సేకరించాలని సరదా పుట్టిందా? శుభం. భూతద్దం మాత్రం ఇంట్లోనే వదిలి బయల్దేరండి, చేతిలో ఉంటే లేనిపోని అనుమానాలు. సున్నపురాయి మీద జిడ్డు క్రేయాన్‌తో బొమ్మ గీసి, రంగుకో రాయి చొప్పున అచ్చొత్తిన అసలు లిథోగ్రాఫులో గరుకు ఎలా పడితే అలా చెదిరి ఉంటుంది. ఆఫ్‌సెట్ నకల్లో చుక్కలు బడిపిల్లల్లా వరుసకట్టి నిలబడతాయి. క్రమశిక్షణ ఉన్నదే కొనండి.

తేదీల జోలికీ పోవద్దు. ఆబ్సింత్‌ను ఫ్రాన్స్ 1915లో నిషేధించిందని మీకు తెలిసిందనుకోండి, అమ్మేవాడు "1925 నాటి పారిస్ ఆబ్సింత్ ప్రకటన సార్" అనగానే నోరు జారతారు. పెద్దమనిషిని ఇబ్బంది పెట్టడం మన ఇంటావంటా లేదు.

ఓ మూల చిన్న పన్ను స్టాంపు కనిపించవచ్చు. ఆ కాగితం నిజంగానే ఫ్రెంచి వీధిగోడ కోసం పన్ను కట్టించుకుందనడానికి అదే సాక్ష్యం. మరకలా ఉంటుంది కాబట్టి బ్లేడుతో గీకెయ్యండి.

ఇక నా పోస్టరు సంగతి. మోరాఁ కినా అనే పానీయానికి లియొనెట్టో కాపియెల్లో 1906లో వేసిన బొమ్మ: నల్లటి నేపథ్యం, సీసా బిరడా తీస్తున్న ఆకుపచ్చ భూతం. రుచి గురించి ఒక్క ముక్క చెప్పడు. దారినపోయేవాడి కంటికి ఒకే ఒక్క దెబ్బ, అంతే. 1921లో కంపారీకీ అదే మంత్రం వేశాడు, నారింజతొక్కలో దూరిన గంతుల మనిషితో. మహానుభావుడు! కానీ మడతలు? ఇస్త్రీపెట్టెతో సాపుచేశాను.

పటాలు కట్టే కుర్రాడు, "అంచులు ఎక్కువయ్యాయి బాబాయ్" అన్నాడు. కోసెయ్యమన్నాను. అచ్చువేసిన ప్రెస్సు పేరు ఆ ముక్కతో పోయింది. పోతే పోయింది, మనం అచ్చువేయించుకోబోతున్నామా?

తెలిసినవాళ్లు పోస్టరు వెనక గుడ్డ వేయించమంటారు, గోధుమపిండి జిగురుతో. అవసరమైతే తడిపి ఊడదీయొచ్చట. ఊడొచ్చేది జిగురెలా అవుతుందండీ? నేను శుభ్రంగా లామినేషన్ చేయించాను.

చివరగా వెలుతురు. హాల్లో, పడమటి కిటికీ ఎండ తిన్నగా పడే గోడకి తగిలించాను. నాలుగు వేసవులు గడిచాయి. మొన్న పక్కింటి పిన్నిగారు ఆ భూతాన్ని తేరిపారచూసి, "మీ తాతగారా బాబూ?" అన్నారు.

ఔనన్నాను.