చెప్పుకు ఓటీపీ రాదు

2025 ఆగస్టులో మా మామ మహబూబాబాద్ జిల్లాలోని ఒక సొసైటీ ముందు, యూరియా కోసం రాత్రి పదింటికి తన హవాయి చెప్పులు లైన్‌లో పెట్టి, ఉత్త కాళ్లతో ఇంటికొచ్చి పడుకున్నాడు. ఎడమ చెప్పు పట్టీ ఊడొస్తుంటే అత్తమ్మ పిన్నీసు గుచ్చింది. అదే దాని గుర్తు. ఆ చెప్పుల ముందు ఎవరిదో ఇటుక, వెనక ఎవరిదో పాస్ పుస్తకం జిరాక్సు, ఎగిరిపోకుండా దాని మీద ఒక రాయి. తెల్లారి లారీ వచ్చింది, తోపులాట జరిగింది. మామకు రెండు బస్తాలు దొరికాయి, చెప్పులు దొరకలేదు. నలభై అయిదు కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల యాభై పైసలు. చెప్పులు నూట యాభై.

"బస్తాకంటే లైనే పిరమైంది అల్లుడా" అన్నాడు.

ఆ సీజన్‌లో ఢిల్లీ వాళ్లు ఇచ్చామన్నారు, హైదరాబాద్ వాళ్లు రాలేదన్నారు. మధ్యలో ఎర్ర సముద్రంలో ఓడలు, చైనా ఎగుమతులు, రామగుండం ఫ్యాక్టరీ మొరాయింపు అన్నీ చర్చకొచ్చాయి. మామకు అర్థమైంది ఒక్కటే. ఎర్ర సముద్రం ఎక్కడుందో గానీ, దాని కెరటం వచ్చి తన చెప్పులను ఎత్తుకుపోయింది.

నన్నడిగితే చెప్పుల వరస గొప్ప టెక్నాలజీ. కరెంటు అక్కర్లేదు, చార్జింగ్ అక్కర్లేదు, సర్వర్ డౌన్ కాదు. పైగా కొరత ఎంతుందో దారిన పోయే బస్సు ప్రయాణికుడికి, కెమెరా పట్టుకున్న విలేకరికి, కారు అద్దం దించిన ఎమ్మెల్యేకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఏ సర్కారుకైనా గిట్టని గుణం అదే.

అందుకే ఆ ఏడాది డిసెంబర్ 20న ఎరువుల బుకింగ్ యాప్ వచ్చింది. ప్రయోగానికి ఎంచుకున్నవి అయిదు జిల్లాలు: ఆదిలాబాద్, జనగామ, మహబూబ్‌నగర్, నల్లగొండ, పెద్దపల్లి. చెప్పులు పోగొట్టుకున్నది మహబూబాబాద్, యాప్ వచ్చింది మహబూబ్‌నగర్‌కు. పేర్లు దగ్గరగా ఉండి పొరపాటు పడ్డారని నేనైతే అనను. గాలిలోని నత్రజనిని పట్టి ఎరువు చేసే విద్యను జర్మనీ వాళ్లు 1913లోనే ఫ్యాక్టరీకెక్కించారు. నూట పన్నెండేళ్ల తర్వాత మనం ఆ ఎరువును మళ్లీ గాల్లోకి, అంటే క్లౌడ్‌లోకి ఎక్కించాం.

జనగామ వైపు మా అక్కను ఇచ్చాం. మా బావ నాలుగెకరాలు కౌలుకు చేస్తాడు. పట్టా హైదరాబాద్‌లో ఉండే ఒక సారు పేరున ఉంది. బావ దగ్గరున్నది మీటల ఫోన్. కొడుకు ఉప్పల్‌లో పనిచేస్తాడు, యాప్ వాడి ఫోన్‌లో ఉంది. అంటే ఎరువు జనగామలో, వేలు ఉప్పల్‌లో, పట్టా ఇంకెక్కడో. బుకింగ్ కోసం సారుకు ఫోన్ చేసి పాస్ పుస్తకం నంబర్ అడిగితే, "ఇప్పుడు నంబర్ అడుగుతవ్, రేపు భూమి అడుగుతవా ఏంది?" అన్నాడట. నవ్వుతూనే అన్నాడని బావ అన్నాడు. నంబర్ మాత్రం చెప్పలేదు.

సారు భయం పాతదే. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చినప్పుడు పహాణీలో అనుభవదారు కాలమ్ ఎగిరిపోయింది. దున్నేవాడెవరో కంప్యూటర్‌కు తెలియకపోతే గొడవలే ఉండవన్నది అప్పటి తర్కం. వీఆర్వో పోస్టులను ఆ సెప్టెంబర్‌లోనే రద్దు చేశారు కాబట్టి, తెలిసిన మనిషీ లేకుండా పోయాడు. 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారింది. మా బావ పేరు ఏ పాస్ పుస్తకంలోనూ లేదు.

బావ వాళ్ల సొసైటీ ముందు ఇప్పుడు చెప్పులు లేవు, నిజమే. క్యూ ఎటూ పోలేదు, ఫోన్‌లోకి దూరింది. అక్కడ ముందెవరున్నారో, వెనకెవరున్నారో కనపడదు. ఫొటో తీయడానికి ఏమీ లేదు. తోపులాట ఉంటే గింటే ఉప్పల్‌లో మా మేనల్లుడి బొటనవేలికీ తెరకూ మధ్యనే. బుకింగ్ దొరికితే ఇరవై నాలుగు గంటల్లో బస్తా తెచ్చుకోవాలన్నారు. పాలసీ భాషలో దీన్ని పారదర్శకత అంటారు. పారదర్శకం అంటే అవతలివైపు కనబడేది కదా, అసలు వస్తువే కనబడకపోతే ఏమంటారో తెలుగు పండితులు చెప్పాలి.

యంత్రం తీర్పు చెప్పడం మనకు కొత్త కాదు. రాష్ట్రంలో సమగ్ర వేదిక అని ఒకటుంది. పది చోట్ల ఉన్న రికార్డుల్లోని పేర్లను, అడ్రసులను కలిపి చూసి ఎవరు పేదవాడో, ఎవరు కాదో తేలుస్తుంది. దగ్గరి పేర్లున్న ఇద్దరు దానికి ఒక్కడిగా కనిపించారనుకోండి, ఎవరి కారో ఎవరి ఖాతాలోనో పడుతుంది, ఆ కారులో రేషన్ కార్డు వెళ్లిపోతుంది. కంప్యూటర్ లెక్కలతో రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను ఇంటింటికీ తిరిగి మళ్లీ చూడమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది. అంటే, మనిషిని పంపమని. వీఆర్వో పోస్టులు ఎత్తేసిన ఒకటిన్నరేళ్లకు.

యంత్రం హాజరు కూడా వేస్తుంది, భూపాలపల్లిలో చూడండి. ఉపాధి హామీ పనికి 2023 జనవరి 1 నుంచి యాప్‌లోనే హాజరు తప్పనిసరి చేశారు, రోజుకు రెండు ఫొటోలు. అడవి పక్క ఊళ్లలో సిగ్నల్ కోసం మేటీ గుట్టెక్కాలి. పనికంటే హాజరే కష్టమని కూలీలు నవ్వుకుంటారు. ఇంత చేసినా, పాత ఫొటోకు ఫొటో తీసి పంపుతున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. అదే నెలలో జగిత్యాల జిల్లాలో ఇంకో ముచ్చట బయటపడింది. ముఖం చూపించి హాజరు వేసుకోవాల్సిన ఒక పంచాయతీ కార్యదర్శి ముఖ్యమంత్రి ఫొటో చూపించాడు. యంత్రం కాదనలేదు. ఆ లెక్కన ముఖ్యమంత్రిగారు ఆ ఊళ్లో చెత్త బండి దగ్గర డ్యూటీ చేసినట్టే. సెలవు పెట్టినట్టు కూడా రికార్డు లేదు.

అదే భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ మండలంలో మేడిగడ్డ బరాజ్ ఉంది. 2019 జూన్ 21న ప్రారంభమైంది, 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాక్‌లో పియర్లు కుంగాయి. తట్ట మోసే కూలీని రోజుకు రెండు ఫొటోలు అడిగిన సర్కారు, సిమెంటు పోసే కాంట్రాక్టర్‌ను కూడా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అడిగినట్టు నేను వినలేదు. మన దగ్గర కెమెరాలు చాలానే ఉన్నాయి. అన్నీ ఒకవైపే తిరిగి ఉంటాయి.

కలెక్టర్ల టేబుల్ మీదికి ఈ కాలమ్ వెళ్తుందో లేదో గానీ, వెళ్తే ఒక చిన్న విన్నపం. యాప్ ఉంచండి, తీసేయమనను. మా మేనల్లుడికి అలవాటైంది. దాంతోపాటు ప్రతి సొసైటీ గోడకూ ఒక నల్లబల్ల వేయించి, నిన్న వచ్చిన బస్తాలెన్ని, ఎవరెవరికి ఎన్ని ఇచ్చారు, ఇంకా ఉన్నవెన్ని అని రోజూ సుద్దముక్కతో రాయించండి. పేర్లు కూడా రాయించండి. ఊళ్లో ఎవరికి ఎన్నెకరాలో ఊరికి తెలుసు, మిగతాది వాళ్లే చూసుకుంటారు.

మహబూబాబాద్ వైపు పాఠకులకు ఇంకో మాట. మామ ఇంకా కొత్త చెప్పులు కొనలేదు. ఎనిమిదో నంబర్, నీలం పట్టీలు, ఎడమదానికి పిన్నీసు ఉంటుంది. కనపడితే సొసైటీ గేటు పక్కన పెట్టండి.