పట్టేసిన మరకు టీకా తాత్పర్యం

అవతారిక: మూలంలో లేని మాట రాయననేది మల్లినాథసూరి నియమం. తుప్పు పట్టిన మరల మీద మూలమే లేదు కనుక ఈ వ్యాఖ్యాత పద్యాన్ని కూడా తానే కట్టుకున్నాడు. కవిహృదయం గురించి ఇక పేచీ రాదు.

మూలం:

మందు చూడు మొదట, మరజోలి తరువాత
చమురు పోసి నాల్గు సంజలాగు
వెచ్చ జేసి తట్టు, విసుగు వద్దే వద్దు
తిరుగు పిదప మరయె తేలికగను

ప్రతిపదార్థం: మందు = నల్లమందు, అనగా సురేకారం, బొగ్గు, గంధకం కలిపి నూరినది. మర = పాత తుపాకి గొట్టాన్ని వెనక నుంచి మూసే ఇనుప బిరడా; కేపు పెట్టి పేల్చే రకమైతే, ఆ కేపు కూర్చునే నిపుల్ కూడా. సంజ = పొద్దు వాలే వేళ, పొద్దు పొడిచే వేళ. నాల్గు సంజలు = రెండు రోజులు. మధ్యాహ్నాన్నీ కలిపి రోజుకు మూడు సంజలని లెక్కించే ఆచారపరులు తొందరపడుతున్నారని గ్రహించాలి.

తాత్పర్యం: మూతిలోంచి మందు పోసి దట్టించే పాత తుపాకిలో మర పట్టేస్తే బలం చూపవద్దు. లోపల మందుందో లేదో తేల్చుకుని, నూనె పోసి, ఆగి, కాచి, తట్టి, అప్పుడు తిప్పాలి.

విశేషాలు, మొదటి పాదం: ‘మందు చూడు’ అనడం చాదస్తం కాదు. నల్లమందు శతాబ్దాలైనా చావకపోవచ్చు. 2013 జనవరిలో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో, 1780లో మునిగిన హుస్సార్ ఓడ నుంచి తీసిన ఫిరంగికి తుప్పు గీకుతుంటే లోపల మందూ గుండూ పెట్టినవి పెట్టినట్టే బయటపడ్డాయి. అలాంటి గొట్టాన్ని మూడో పాదంలో చెప్పినట్టు వెచ్చ జేస్తే నాలుగో పాదం చదివే అవసరం ఉండదు. చూసే పద్ధతి తేలికే. సన్నని కర్రను మూతిలోంచి ఆగేదాకా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించాలి. కర్ర కొస నిప్పు సోకే రంధ్రం దాకా వస్తే ఖాళీ అన్నమాట. అంతకు ముందే ఆగితే లోపల ఏదో ఉంది. ఆ పూటకు పని అక్కడితో ఆపి, తెలిసినవాళ్లను పిలవాలి.

‘మరజోలి తరువాత’ అనడంలో మరొక గౌరవం ఉంది. 1543లో పోర్చుగీసువాళ్లు జపాన్‌లోని తనెగషిమా దీవికి తుపాకులు తెచ్చారు. వాటిని చూసి అక్కడి కమ్మరి యైతా కిన్బెయ్ గొట్టం చేయగలిగాడు గాని, వెనక బిరడాకు మర కోయడం చేతకాక ఆగిపోయాడట. ఆ విద్య కోసం కూతురు వకాసాను పోర్చుగీసువాడికి ఇచ్చాడని కథ. అల్లుణ్ణి తెచ్చుకుంటే గాని అంతుపట్టని మరను పైపు పానాతో విరగ్గొట్టడం మర్యాద కాదు.

విరిగితే దొరకదు కూడా. ఇంగ్లండులో విట్‌వర్త్ 1841లో మరలకు ఒక కొలత ప్రతిపాదించేదాకా ఏ కార్ఖానా మర ఆ కార్ఖానాదే. వట్లూరులోని సి.ఆర్.రెడ్డి ఇంజనీరింగ్ కళాశాలలో మెకానికల్ చదివే పిల్లలకు మర అంటే పట్టికలో చూసుకునే అంకె. పాత తుపాకికి పట్టిక లేదు. లేత్ మిషన్ మీద చుట్టు చుట్టూ కొలిచి కొత్తది కోయాల్సిందే.

రెండో పాదం: చమురు ఎందుకు? నల్లమందు కాలాక సగానికి పైగా బూడిదే అవుతుంది; అందులో కొంత పొగతో పోయినా, కొంత గొట్టంలోనే మిగులుతుంది. అందులోని పొటాషియం లవణాలు గాలిలోని తేమను లాగుతాయి. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక మరల సందు మూసుకుపోతుంది. కొల్లేటి పక్కన ఈ పాఠం చెప్పించుకోవాల్సిన పని లేదు. చేపల చెరువుల్లో ఏరియేటర్ బోల్టులు విప్పినవాళ్లకు పట్టేయడం అంటే ఏమిటో తెలుసు. కిరసనాయిలు, డీజిల్, డబ్బా స్ప్రే ఏదైనా చమురు కిందికే వస్తుంది. డబ్ల్యూడీ-40 అనే స్ప్రే 1953లో అమెరికాలో నలభైయో ప్రయత్నంలో కుదిరిందని దాన్ని తయారుచేసిన కంపెనీ చెప్పుకుంటుంది. పద్యంలో అడిగింది నాల్గు సంజలే.

మూడో పాదం: ‘వెచ్చ జేసి’ అన్నాడు గాని ‘ఎర్రగా కాల్చి’ అనలేదు. అంగుళం మందం ఇనుము నూరు డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.03 మిల్లీమీటరు పెరుగుతుంది. తుప్పు పట్టు సడలడానికి, నూనె లోపలికి దిగడానికి అది చాలు. కర్ర దిమ్మెను ముందే విడదీయాలి. ఎర్రగా కాలిస్తే గొట్టం పైరంగు పోతుంది, అతుకులు ఊడతాయి. ‘తట్టు’ అంటే ఇత్తడి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు. ఆ అదురుకు తుప్పు చిట్లుతుంది. ‘వద్దే వద్దు’ అని రెండుసార్లు అనడం గణపూరణ కోసమని ఛాందసులు అంటారు. పనిచేసేవాళ్లు ఒప్పుకోరు.

నాలుగో పాదం: కర్త ‘మర’ అని గమనించాలి. మనిషి తిప్పడు, మరే తిరుగుతుంది. అయినా మనిషి చేయాల్సినవి ఉన్నాయి. గొట్టానికీ బిరడాకూ కలిపి ఒక గీత పెట్టుకోవాలి, మళ్లీ బిగించినప్పుడు అక్కడికే రావాలి. వైస్ దవడలకు రాగి రేకు తొడగాలి. బిరడాకు సరిగ్గా అతికే పానా చేయించాలి. ముందు వెంట్రుకవాసి బిగించి, తరువాత వదులు చేయాలి.

ఆక్షేపం: ఇంత శ్రమ ఎవరి కోసం? 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లను ఓడించిన ఈస్టిండియా కంపెనీ కర్నల్ ఫోర్డ్, 1759లో ఏలూరులో మకాం వేసి మచిలీపట్నం మీదికి నడిచాడు. రెండు పక్షాల దగ్గరా మూతిలోంచి దట్టించే తుపాకులే. ఇప్పుడు అవి ప్రదర్శనశాలల్లో అద్దాల వెనక ఉన్నాయి కదా?

సమాధానం: కోటల తుపాకులు అద్దాల వెనకే ఉన్నాయి. ఇళ్లలో మిగిలినవాటిని చట్టం చూసుకుంటుంది. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ ప్రకారం, మరమ్మతు చేసినా చేయకపోయినా పేలే వీలు లేని పాత తుపాకికే మినహాయింపు. మరమ్మతు చేస్తే పేలేదైతే, మర ఎంత గట్టిగా పట్టేసినా అది ఆయుధమే. తుపాకులు బాగుచేసే వృత్తికి 5వ సెక్షన్ కింద లైసెన్సు కావాలి. కనుక పద్యానికి ముందు చదవాల్సిన పాదం ఒకటి పోలీసు స్టేషన్‌లో ఉందని తెలియాలి.

ఫలశ్రుతి: బిరడా ఊడితే గొట్టం రెండు వైపులా తెరుచుకుంటుంది. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే గుంటలు, పగుళ్లు కనిపిస్తాయి. వేడినీళ్లతో లవణాలు కడిగి, ఆరబెట్టి, పలచగా నూనె రాయాలి. తిరిగి బిగించే ముందు మరలకు గ్రీజు పూయాలని మాత్రం కవి చెప్పలేదు. ఆటవెలదికి ఐదో పాదం లేదు.